బావిలో దూకని మనిషి

చారిత్రక నవలలు రాసేవాళ్ళలో నా అంత చాదస్తురాలు ఉండదని నాకు మహా గర్వం. కరువు రోజుల మీద నవల రాసినప్పుడు ఆనాటి జొన్నల ధర దగ్గర్నుంచి బండి ఇరుసుకి వాడిన కర్ర దాకా వాకబు చేశాను. అబద్ధం మాత్రం ఒక్కటి రాశాను.

దర్శి దగ్గర పల్లెలో ఒక ముసలావిడ నాకు వాళ్ళ నాయనమ్మ కథ చెప్పింది. కరువులో ఆ నాయనమ్మ ఆసామి దాచిన జొన్నల పాతర తవ్వించి ఊరంతటికీ గింజలు పంచిందట. తర్వాత మామూలుగానే బతికి, మనవరాళ్ళని ఎత్తుకుని, పండుముసలై పోయింది. నవలకి ఆ ముగింపు చప్పగా తోచింది నాకు. ఏం పోయేకాలమో, ఆవిడని చేతినిండా పచ్చగాజులున్న ముత్తైదువగానే ఆ ఊరి చేలోని పాత బావిలో దూకించాను.

పుస్తకం చదివించుకుని ముసలావిడ ఒకటే మాట అంది.

"అంతా బాగుందమ్మా. కానీ మా నాయనమ్మ బావిలో పడలేదు. రేపు నేను పోతే ఆ సంగతి చెప్పేవాళ్ళుండరు."

రెండో ముద్రణకి ముందుమాట రాసి సరిచేస్తానని మాటిచ్చాను. బద్ధకించాను.

ఈలోగా ఎవరో నా కథని నిజంగా జరిగిందంటూ చదివి ఫోన్లలోకి వదిలారు. మిరపకోతలకొచ్చిన ఆడవాళ్ళు విన్నారు. అకాలంగా పోయిన ముత్తైదువని పేరంటాలుగా కొలవడం మా వైపు ఆనవాయితీ. మొన్న మాఘంలో వెళ్ళేసరికి బావి గట్టున రాయికి పసుపు పూసి ఉంది, చుట్టూ పచ్చగాజులు. మిట్టమధ్యాహ్నం, మిరప ఘాటుకి కళ్ళు మండుతున్నాయి. ఎన్నాళ్ళ నుంచి ఈ మొక్కులని అడిగితే, తమ అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నాయంది ఒక కూలీ మనిషి. నా పుస్తకం వచ్చి మూడేళ్ళు. ఈ వేళకి లోపల నీళ్ళు కదులుతాయని కూడా చెప్పింది. కథ రాసినదాన్ని నేనే, అయినా తొంగిచూసే ధైర్యం చాలలేదు.

పరుగున ముసలావిడ ఇంటికెళ్ళాను. ఇవాళే రాసేస్తాను, నాయనమ్మ ముసలితనం సంగతులు మళ్ళీ చెప్పమని బతిమాలాను. ఆవిడ వేళ్ళకి పసుపు అంటి ఉంది.

"నువ్వు రాసిందే నిజమమ్మా," అంది నెమ్మదిగా. "నన్ను ఎత్తుకున్నప్పుడు ఆవిడ చేతులు ఎప్పుడూ తడిగానే ఉండేవి."