తొమ్మిది మెట్లు మిగిలిపోయిన గది

మా చిన్నప్పుడు... నవ్వకండి, నాకు పద్దెనిమిది నిండాయి, ఆ మాట అనే హక్కు వచ్చేసింది... దుబాయ్‌లో, సత్వా పేటలో మా ఇంటి దగ్గర ఒక పార్కు ఉండేది. దాని వెనక మూల, రేకుల కంచె లోపల, సగం కట్టి వదిలేసిన గుండ్రటి సిమెంటు గది. పైకి వెళ్తూ వెళ్తూ మధ్యలో ఆగిపోయిన మెట్లు. పక్కనే ఒక్కసారి కూడా నీళ్లు నింపని కొలను.

నేను పుట్టిన ఏడాది దుబాయ్‌లో పెద్ద మాంద్యం వచ్చి ఎక్కడి పనులు అక్కడ ఆగిపోయాయని, ఇదీ అప్పటిదేనని నాన్న చెప్పారు. అటు వెళ్లొద్దని కూడా చెప్పారు. ఆ రెండో మాట మేం వినలేదు.

కరోనాకి మూసిన పార్కులు మళ్లీ తెరిచిన రోజులవి. నాకు పన్నెండు, చెల్లి బుజ్జికి ఎనిమిది. ఆటకి పంపేముందు అమ్మ మా ఎమిరేట్స్ ఐడి కార్డుల్ని చిన్న గుడ్డసంచుల్లో పెట్టి, చొక్కా లోపలివైపు పిన్నీసుతో గుచ్చేది. పైనుంచి ఒకసారి తడిమి, "ఇది ఉంటేనే మనం ఇక్కడ ఉన్నట్టు" అనేది.

ఆ రోజు రేకుల సందులోంచి లోపలికి దూరాం. పావురాల రెట్ట వాసన... చీకటి... మా అడుగుల చప్పుడే మా వెనక ఎవరో నడుస్తున్నట్టు వినిపించింది. తల మీద ఏవో రెక్కలు టపటపలాడాయి. ఇద్దరం పడుతూ లేస్తూ బయటికి పరుగెత్తాం.

ఇంటికొచ్చి చూసుకుంటే పిన్నీసు ఉంది, సంచి ఉంది... సంచి అడుగున కుట్టు ఊడిపోయింది. నా ఐడి లేదు.

ఒక కార్డుకి అంత భయమా అంటారేమో... ఆ నెలల్లో నాన్న ఆఫీసులో ఒక్కొక్కర్నీ పంపించేస్తున్నారు. మా అంతస్తులోనే రెండు కుటుంబాలు సామాన్లు సర్దుకుని వెళ్లిపోయాయి. అమ్మా నాన్నా వంటింట్లో గుసగుసలాడుకునేవారు, మేం వస్తే ఆపేసేవారు. వెళ్లకూడని చోట నా ఫోటో ఉన్న కార్డు దొరికితే నాన్న వీసా రద్దు చేసి, నలుగుర్నీ విమానం ఎక్కించేస్తారని నాకు నేనే తీర్మానించుకున్నాను. నాకా సంగతి ఎవరూ చెప్పలేదు. ఇక్కడ పెరిగే పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు.

సబ్బు పెట్టె అట్ట కార్డంత కత్తిరించి, సంచిలో పెట్టి కుట్టేశాను. అమ్మ రోజూ తడిమి సరే వెళ్లండి అనేది. మూడు రోజులు... లిఫ్టు మా అంతస్తులో ఆగితే చాలు, పరుగెత్తి తలుపు కన్నంలోంచి చూసేదాన్ని. బుజ్జి చూస్తే నోట్లో నువ్వుగింజ నానని రకం. అదెప్పుడు కక్కేస్తుందోనని ఇంకో భయం.

శుక్రవారం, సెలవు రోజు మధ్యాహ్నం, ఇంట్లో అందరూ కునుకు తీస్తున్నప్పుడు ఒక్కదాన్నే వెళ్లాను. రేకు జరిపి లోపల కాలు పెట్టానో లేదో...

"హారికా."

మగ గొంతు. లోపలి చీకట్లోంచి. రేకు వదలకుండానే లోపలికి తొంగి చూశాను.

మెట్ల కింద, పార్కులో తోటపని చేసే పెద్దాయన కూర్చుని ఉన్నారు. ముందు అన్నం డబ్బా. చొక్కా జేబులోంచి నా కార్డు తీశారు.

"గిది నీదేనా బిడ్డా? పేరు జూస్తే మనోళ్లే అనిపిచ్చింది. ముదీర్‌కు, గదే మా మేనేజర్‌కిస్తే మీ నాయినను ఆఫీసుకు పిలుస్తడు, ఎందుకొచ్చిన లొల్లి... నువ్వే ఎతుక్కుంట వస్తవని మూడు దినాల సంది ఈడనే తింటున్న."

కార్డు మీద నేను పుట్టిన ఏడాది కూడా చూశారట. ఆ ఏడాదే తాను ఇక్కడ పనిలో ఉన్నానని, ఆ మెట్లు తమ జట్టే పోసిందని చెప్పారు. ఇంకా ఎన్ని మెట్లు మిగిలాయని అడిగాను.

"తొమ్మిది. ఒకనాడు పొద్దుగాల కంపెనీ బస్సొచ్చింది. పనికే అనుకొని డబ్బలు వట్టుకొని ఎక్కినం. ఆఫీసు ముంగట ఆపి, పాస్‌పోర్టులు చేతిల వెట్టి ఖలాస్ అన్నరు. అదే బస్సు ఎయిర్‌పోర్టుకు వోయింది. మల్ల కొన్నేండ్లకు గీ తోటపనికి వచ్చిన."

మీరేం తప్పు చేశారని అడిగాను.

"ఏం జేయలే బిడ్డా."

పోయిన కార్డు దొరికింది, ఎగిరి గంతెయ్యాలి కదా... నాకు అసలు భయం అప్పుడు వేసింది. నేను తప్పు చేశాను కాబట్టి పంపేస్తారని అన్నాళ్లూ అనుకున్నాను. ఏ తప్పూ చెయ్యకపోయినా ఆ బస్సు వస్తుందని అక్కడ తెలిసింది. ఆ తర్వాత నాన్నకి ఆఫీసు నుంచి ఫోన్ వస్తే, పక్క గదిలోకి పోయి చెవులు మూసుకునేదాన్ని.

నాన్న ఉద్యోగం నిలబడింది. మేం ఇంకా ఇక్కడే ఉన్నాం. ఆ గది పడగొట్టి కాఫీ దుకాణం పెట్టారు. ఐడి ఫోన్లోకి వచ్చేసింది, అమ్మ పిన్నీసుల డబ్బా అటక మీదికి పోయింది... ఇల్లు దాటేటప్పుడు నా చెయ్యి మాత్రం ఇప్పటికీ చొక్కా లోపలికి వెళ్తుంది.

ఆ పెద్దాయన మరుసటి నెల నుంచే కనిపించలేదు. వేరే పార్కుకి మార్చారో, మళ్లీ బస్సే వచ్చిందో... నా పేరు, నేను పుట్టిన ఏడాది ఆయనకి తెలుసు. నేను ఆయన పేరైనా అడగలేదు.

సత్వా పార్కులో ఆ తొమ్మిది మెట్లు పోయాల్సినవాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే... ఆయన పేరేమిటో కింద రాయండి.