కట్టేసిన గుర్రాన్ని విప్పని రాజకుమారుడు

బేతంచెర్ల స్టేషను బయట ఆగే జట్కాల్లో ఒక్కదాని విషయంలోనే ఎవరెక్కాలో గుర్రం తేల్చేది. ఆ గుర్రం పేరు చాందినీ. తెల్లటి ఆడగుర్రం. దాని యజమాని హుసేన్ వలి. యజమాని అని నేనంటున్నాను గాని, ఆయన భార్య జులేఖా బీని అడిగితే వేరే మాట చెప్పేది. "ఉలవలు ఉడికితే గింజలు దానికి, కట్టు నీళ్ళు మాకు. ఎవరు ఎవరికి యజమానో నువ్వే చెప్పు" అనేది.

చుట్టుపక్కల పల్లెల్లో పెళ్ళికొడుకు మెరవణిగా ఊరేగాలంటే చాందినీ మీదే. తెల్ల గుర్రం ఇంకెవరికీ లేదు. పెళ్ళివాళ్ళు తాంబూలం పట్టుకొని హుసేన్ వలి ఇంటికి వెళ్ళాలి. ఆయన ఆ పళ్ళెం తీసుకెళ్ళి గుర్రం మూతి దగ్గర పెట్టేవాడు. అది తలాడిస్తే ఒప్పుకున్నట్టు. ఈగలు వాలినా గుర్రం తలాడిస్తుంది కదా అని ఎవరూ అనేవాళ్ళు కాదు. పెళ్ళి మాటల మధ్యలో అలాంటివి ఎత్తకూడదు.

నేను నాలుగో ఫారంలో బడి మానేశాను. లెక్కల అయ్యవారికి నా ముందు చిన్నతనంగా ఉంటోందని జాలిపడి నేనే వచ్చేశాను. పుస్తకం గట్టిగా చదవడంలో మాత్రం ఆ తాలూకాలో నాకు ఎదురు లేదు. నేను చదువుతుంటే గుంతకల్లు పోయే బండి కదలకుండా వినేదని పోర్టర్లు చెప్పుకునేవారు. ఇంజనుకు నీళ్ళు పట్టడానికి ఆగేదని కొందరంటారు. వాళ్ళకు కుళ్ళు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో, కచేరీలన్నీ గుడారాల్లో నడుస్తున్న రోజుల్లో, హుసేన్ వలి కళ్ళెం కొనడానికి ఆ ఊరు వెళ్ళి, కళ్ళెంతో పాటు ఒక పుస్తకం కూడా తెచ్చాడు. ఆయనకు చదువు రాదు. అట్ట మీద రెక్కలున్న తెల్ల గుర్రం ఉంది, అందుకని కొన్నాడు. అది పడుచు పిల్లల కోసం మద్రాసులో అచ్చేసిన జానపద నవల. పేరు చెప్పను. రాసినాయన ఎక్కడో బతికే ఉంటాడు, నొచ్చుకుంటాడు.

"చూసినావా నరసన్నా, మన చాందినీ బొమ్మేసినారు" అన్నాడు.

"దీనికి రెక్కలుండాయి మామా."

"మెరవణికి మనం జరీ బట్ట కప్పుతాం గదా. దూరం నుంచి చూసి రెక్కలనుకున్నాడేమో."

మధ్యాహ్నం బండికీ సాయంత్రం బండికీ నడుమ, వ్యాగన్ల కోసం పేర్చిన నాపరాళ్ళ మీద కూర్చుని నేను చదివేవాణ్ణి. హుసేన్ వలి ఊ కొట్టేవాడు. మా వైపు కథ వినేవాళ్ళు ఊ కొట్టకపోతే చెప్పేవాడికి ముందుకు సాగదు. ఆయన ఊ మామూలు ఊ కాదు. రాజకుమారుడు మాట్లాడితే పొట్టి ఊ. గుర్రం ఎగిరితే స్టేషను మాస్టరు బయటికి వచ్చి చూసేంత పొడుగు ఊ. పక్కనే ఉలవల సంచిలో మూతి పెట్టిన చాందినీ వైపు తిరిగి, "వింటాండావా?" అని మందలించేవాడు కూడా.

గుర్రం రాజకుమారుణ్ణి ఏడు సముద్రాలు దాటించింది. మాంత్రికుడి దీవిలో దిగాక రాజకుమారుడు దాన్ని మంచిగంధం చెట్టుకు కట్టేసి కోటలోకి వెళ్ళాడు. మాంత్రికుణ్ణి చంపాడు. రాజకుమారిని విడిపించి, వాడి మంత్రపు చాప మీద ఆమెను కూర్చోబెట్టుకొని ఇంటికి వచ్చాడు. అంగరంగవైభవంగా పెళ్ళి. శుభం.

పుస్తకం మూశాను. ఊ రాలేదు.

"ఇంగ చదువు" అన్నాడు హుసేన్ వలి.

"అయిపాయె మామా."

"అయిపోవడమేంది? గుర్రం యాడుండాది?"

పేజీలు వెనక్కి తిప్పాను. గుర్రం చెట్టు దగ్గరే ఉంది. ముందుకు తిప్పాను. పెళ్ళి భోజనాల్లో పదహారు రకాల పిండివంటలున్నాయి గాని గుర్రం లేదు.

"కట్టేసినాడు. ఇప్పలేదు" అన్నాడాయన మెల్లగా. "గడ్డి వేసినాడా?"

"రాయలేదు."

"నీళ్ళు?"

"చుట్టూ సముద్రమే గదా మామా."

"ఉప్పునీళ్ళు నువ్వు తాగు."

ఆ సాయంత్రం బండికి ఆయన జట్కా కట్టలేదు. మర్నాటి నుంచి జట్కా ఎక్కిన ప్రతి చదువుకున్న మనిషినీ అదే అడగడం మొదలుపెట్టాడు. ఒక గుమాస్తా, అది కట్టుకథ, అలాంటి గుర్రమే లేదు పొమ్మన్నాడు. హుసేన్ వలి ఆయన్ని దారిలోనే దించేశాడు. "అట్లయితే ఈ గుర్రం గూడా లేదు, నడిచి పోప్పా" అని.

ఇదంతా నాకు వినోదంగానే ఉండేది, నా పెళ్ళి కుదిరేదాకా. పిల్లది బుగ్గానిపల్లె, పేరు తిరుపతమ్మ. నిశ్చితార్థం నాడు కాబోయే మామగారి ముందు, తెల్లగుర్రం మీద తప్ప మీ ఊరి పొలిమేర తొక్కనని నేను కాస్త గట్టిగానే చెప్పి ఉన్నాను. ఆ ఊరంతా విన్నది. తాంబూలం పళ్ళెం పట్టుకొని వెళితే హుసేన్ వలి దాన్ని గుర్రం దాకా తీసుకుపోనే లేదు.

"పెండ్లికొడుకులను మోసేది లేదు. పెండ్లి అంటానే మీకు గుర్రం గుర్తుండదు. ఆ గుర్రం ఇంటికి రానీ, అప్పుడు చూస్తాం."

"నేనేం చేసినా మామా? మద్రాసాయన మర్చిపోతే?"

"చదివింది నువ్వే గదా."

బుగ్గానిపల్లెకు ఎద్దుల బండిలో వెళితే నా మాట ఏం కాను? ఆలోచించాను. మా నాయన పంచాంగానికి గోధుమరంగు కాగితం అట్ట వేసి, రెండో భాగం దొరికిందని చెప్పి నాపరాళ్ళ మీద కూర్చున్నాను. ఆయన ముఖం వెలిగింది. చాందినీని కూడా దగ్గరికి లాక్కొచ్చాడు.

గుర్రం తాడు తెంచుకోబోతే తాడు తెగలేదని, చెట్టే వేళ్ళతో ఊడి వచ్చిందని చదివాను. మెడకు మంచిగంధం చెట్టు వేలాడుతుండగానే అది ఆకాశంలోకి లేచింది. ఒంటిమిట్ట మీదుగా పోతుంటే కల్యాణానికి వచ్చిన జనం గంధం వాసనకు తలలెత్తి, తీర్థం సంగతి మరిచారు. నా గొంతు నాకే ముద్దొచ్చింది.

"మరి దప్పిక?" అన్నాడు హుసేన్ వలి.

"మబ్బులో మూతి పెట్టి తాగింది."

"మన సీమ మబ్బులో నీళ్ళు యాడుండాయప్పా?"

"నెల్లూరు తట్టు పోయి తాగొచ్చింది."

"ఆఁ, అట్ల చెప్పు." తలూపి, కాసేపు నావైపే చూశాడు. "శానా బాగుండాది నరసన్నా. కానీ ఇంతసేపు చదివినావు, ఒక్క పేజీ తిప్పలేదే?"

గబుక్కున రెండు పేజీలు ఒకేసారి తిప్పాను.

"పోనీలే. ఆ మద్రాసాయన మర్చిపోయినాడు, నువ్వు అబద్ధమైనా చెప్పి తోలుకొచ్చినావు" అని ఆయన పళ్ళెం గుర్రం మూతి దగ్గర పెట్టాడు. అది తలాడించింది. ఈగ ఉందో లేదో నేను చూడలేదు. "ఒక్క మాట. ఆడ దిగినాక దాని సంగతి చూసి గాని పందిట్లోకి పోగూడదు. సరేనా?"

"అదెంత పని మామా" అన్నాను.

పెళ్ళినాడు పొద్దున బుగ్గానిపల్లెలో నన్ను చూసినవాళ్ళు నిజం రాజకుమారుడే అనుకున్నారు. అందరూ అనకపోయినా మా అమ్మ అన్నది. బాసికం కట్టుకొని, మేళం ముందు నడుస్తుండగా పందిరి దగ్గర దిగాను. ముహూర్తం దగ్గరపడింది, పురోహితుడు చెయ్యూపుతున్నాడు. నేను అటు అడుగు వేశాను.

వెనక నుంచి కళ్ళెం గలగలమంది.

"అల్లుడా" అన్నాడు హుసేన్ వలి. ఆయన చేతిలో నీళ్ళ బకెట్టు ఉంది.

పట్టుబట్టలతో బకెట్టు పట్టుకొని నిలబడ్డాను. చాందినీ నీళ్ళ వైపు చూసి, మేళం వైపు చూసి, మూతి తిప్పుకుంది.

"డోలు మోగుతాంటే తాగదు" అన్నాడు ఆయన, ఎవరితోనూ కానట్టు.

మేళం ఆపించాను. పురోహితుడు మంత్రం ఆపి, "నాయనా, లగ్నం పోతుంది" అన్నాడు. మామగారు, "ఏంది అల్లుడూ ఇది?" అన్నాడు. గుర్రం చెవులు కదిపింది. మామగారికి సైగ చేశాను, ఆయనా ఊరుకున్నాడు. పందిరంతా నిశ్శబ్దం. తెర పక్కనుంచి తిరుపతమ్మ తొంగి చూస్తోంది. నన్ను ఆమె మొదటిసారి తీరిగ్గా చూడడం అదే. కట్టుకోబోయేవాడు గుర్రాన్ని బతిమాలుకుంటున్నాడు.

అప్పుడు చాందినీ బకెట్టులో మూతి పెట్టింది. ఊరంతా దాని గుటకలు విన్నది. అడుగు దాకా తాగి, తలెత్తి, మూతికి అంటిన నీళ్ళు నా పట్టుపంచె మీద విదిలించింది. నేను జీను పట్టీ వదులు చేసి, ఇంక వెళ్ళనా అన్నట్టు హుసేన్ వలి వైపు చూశాను.

"ఊ" అన్నాడు. పొడుగు ఊ.