బండి సాక్ష్యం

ప్రభువుకే స్తోత్రం. కల్లాల మీద మిరపకాయను ఎండబెట్టేవాడు ఆయనే, అది తడవకముందే మబ్బును పక్కకు నెట్టేవాడూ ఆయనే. నెట్టని ఏడు కూడా ఆయనే మా దేవుడు. కాళ్లు తడబడేవాళ్ల పక్కన నిలబడి, వాళ్లను చేరవలసిన చోటికి చేర్చే ఆ కృపను ముందు తలచుకోకుండా ఈ సంగతి మొదలుపెట్టడం నాకు చేతకాదు.

మా ఆయన సంఘ కాపరి. సత్తెనపల్లికి దగ్గరలో ఉన్న మా ఊళ్లో ఒక మందిరం ఉంది. వాగు అవతల, పత్తి చేల మధ్య ఉన్న పల్లెలో ఇంకో చిన్న సంఘం ఉంది. అక్కడ మందిరమంటే నాలుగు గుంజలు, పైన రేకులు. శుక్రవారం సాయంత్రం పత్తి తీతకో మిరపకాయ కోతకో వెళ్లినవాళ్లు ఇంటికి వచ్చి, కాళ్లు చేతులు కడుక్కొని, ఆ రేకుల కింద చాపల మీద కూర్చుంటారు. పెళ్లయిన నాటి నుంచీ ఆయన మోటారు సైకిలు మీద ఆ కూటానికి వెళ్లడం నేను చూస్తూనే ఉన్నాను.

పోయినేడు ఆయనకు పక్షవాతం వచ్చింది. దేవుని దయవల్ల మాట దక్కింది. కర్ర సాయంతో నడక కూడా వచ్చింది. కుడి చేతికి మాత్రం మోటారు సైకిలు పట్టుకునేంత సత్తువ రాలేదు. సంఘంలోని మగవాళ్లు కొన్నాళ్లు తమ బండ్ల మీద ఎక్కించుకొని తీసుకుపోయారు. ఒకనాడు డొంకలో గతుకు పడి ఆయన వెనక నుంచి జారిపోయారు. పెద్ద దెబ్బ తగల్లేదు గానీ, ఆ తర్వాత ఎక్కించుకోవడానికి అందరూ భయపడ్డారు. ఆటోలు ఆ దారికి రావు. వచ్చినా కూటం అయ్యేదాకా ఆగవు.

సంఘ పెద్దలు ఇంటికి వచ్చి నెమ్మదిగా చెప్పారు.

"అయ్యగారూ, అవతల కూటం ఆపేద్దామండి. వాళ్లనే ఆదివారం ఇక్కడికి రమ్మందాం."

రమ్మనడం తేలికే. వారమంతా నడుము వంచి పనిచేసిన ముసలివాళ్లు వాగు దాటి అంతదూరం ఎలా వస్తారు? మా ఆయన, "ఈస్టరు దాకా ఓపిక పట్టండి," అన్నారు. వాళ్లు సరేనన్నారు. ఈస్టరు లోపల దారి దొరక్కపోతే ఆ రేకుల కింద ఇక పాట వినపడదు.

వాళ్లు వెళ్లగానే నేను అన్నాను. "ఏవండీ, నేను కారు నేర్చుకుంటా."

"మిక్సీ వేసేటప్పుడే కళ్లు మూసుకుంటావు. కారు కూడా అట్టాగే తోల్తావా?"

"తోలేటప్పుడు కళ్లు మూసుకునేది మీరు. పక్కన కూర్చుని ప్రార్థన చేసుకోండి."

సత్తెనపల్లిలో డ్రైవింగ్ స్కూలుకు వెళ్లి నేర్చుకున్నాను. లైసెన్సు వచ్చింది. ఇక కారు కావాలి. కొత్తది మా తాహతుకు మించింది. పైగా కొత్తగా నేర్చుకున్నదాన్ని, గీతలు పడ్డా గుండె ఆగిపోని బండి అయితేనే నాకు నయం. పాత చిన్న కార్లు కొన్ని చూశాం. అప్పుడు తెలిసిందేమంటే, మా చుట్టుపక్కల అమ్మకానికి వచ్చే ప్రతి కారూ ఎవరో ఒక డాక్టరుగారిదే. ఆయన దాన్ని ఆదివారం తప్ప బయటికి తీయలేదు. మీటరు మీద తిరిగిన దూరం చూస్తే పసిబిడ్డలా ఉంటుంది. పెడళ్ల మీద రబ్బరు చూస్తే అరిగి నున్నగా ఉంటుంది.

"ఈ డాక్టర్లంతా ఆస్పత్రికి నడిచి పోతన్నారేమో," అన్నారు మా ఆయన.

తర్వాత గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కారు ఉందని తెలిసి వెళ్లాం. దాని యజమాని ముస్లిం, మా ఆయన ఈడువాడు. ఊరూరా తిరిగి కాయ నాణ్యం చూసి, మచ్చు కాయలు యార్డుకు తెచ్చి చూపించే వ్యాపారం. ఆ కారు మీటరు రెండు లక్షల కిలోమీటర్లు దాటి ఉంది. మా ఆయన అది చూసి కర్ర ఊతగా వెనక్కి తిరిగారు.

నాకు మాత్రం ఆ అంకె ముచ్చటేసింది. చూసినవాటిలో మీటరు నిజం చెబుతున్నది ఇదొక్కటే అనిపించింది. ఆ తొందరలో నోటికి అలవాటైన మాట వచ్చేసింది.

"అన్నయ్యా, ముందు ఈ బండి సాక్ష్యం చెప్పండి."

ఆ వ్యాపారి ముఖం మాడిపోయింది. "సాక్ష్యమా? ఏందమ్మా ఆ మాట! బండి మీద కేసులేం లేవు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నయ్. నేనుగానీ నా బండిగానీ కోర్టు గుమ్మం ఎరగం!"

మా ఆయనకు నవ్వు ఆగలేదు. కర్ర గోడకు ఆనించి అక్కడి బల్ల మీద కూర్చుండిపోయారు.

"అది కాదన్నా," అన్నాను నేను. "మా కూటాల్లో సాక్ష్యం అంటే వేరే. మనిషి లేచి నిలబడి, ముందు తన తప్పులు చెప్పుకుంటాడు. ఆ తర్వాత దేవుడు చేసిన మేలు చెప్తాడు. తప్పులు మింగేసి మేలు ఒక్కటే చెప్తే మా ముసలమ్మలు ఊరుకోరు, కూర్చోబెడతారు."

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "అంటే, బండి పాపాలు ముందు చెప్పమంటారు."

"అంతే," అన్నాను.

"అట్టయితే నువ్వూ కూర్చో అమ్మా. టీ చెప్తా. చానా ఉన్నయ్."

నిజంగానే చాలా ఉన్నాయి. ఎడమవైపు తలుపు మార్పించినది. "పేరేచర్ల కాడ గేదె అడ్డమొచ్చిందమ్మా. గేదెకేం కాలా, తలుపే పోయింది." కాయ మూటలు మోసి మోసి వెనక స్ప్రింగులు కుంగిపోయాయి. ఎండాకాలం నీళ్లు చూసుకోకపోతే ఇంజను వేడెక్కుతుంది. మూడో గేరు మొండిది. "బలవంతం చేశావా, అరుసుద్ది. రెండో గేర్లో కాస్త పోనిచ్చి, క్లచ్చి తొక్కి వదిలి మళ్లీ తొక్కు. అప్పుడు దానంతటదే పడుద్ది."

"మరి మేలు?" అని అడిగారు మా ఆయన.

ఆయన గొంతు తగ్గింది. "మా అమ్మని ఆఖర్న ఆస్పత్రికి తిప్పింది దీంట్లోనే అయ్యగారూ. వానైనా, ఎండైనా, ఒక్కనాడు ఆమెని దారిలో నిలబెట్టలా. అంతకంటే నేనేం చెప్పను?"

నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను. మా ఆయన వెనక, వ్యాపారి నా పక్కన కూర్చున్నారు. ఉక్కగా ఉందని ఏసీ వేశాను.

"అమ్మా, ఇంకోటి మర్చిపోయా, అది వెయ్యొద్..."

ఆ మాట పూర్తి కాకముందే ఆ గొట్టాల్లో ఏళ్లుగా పేరుకున్న కాయ దుమ్మంతా మా ముఖాల మీదికి వచ్చింది. ముగ్గురం తుమ్ముతూ, దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ అద్దాలు దించాం.

"ఇది కారా, కారం మరా?" అన్నారు మా ఆయన తుమ్ముల మధ్య.

"మంచి కాయ అయ్యగారూ, ఘాటు చూశారుగా!" అన్నాడాయన, వ్యాపారం మర్చిపోకుండా.

యార్డు వెనక రోడ్డు మీద నడిపాను. రెండుసార్లు ఆగిపోయింది. నా పక్కన ఆయన పెదాలు కదులుతున్నాయి, వెనక మా ఆయన పెదాలూ కదులుతూనే ఉండి ఉంటాయి. తిరిగి వచ్చాక మా ఆయన నన్ను పక్కకు పిలిచి, "మరీ రెండు లక్షలు తిరిగిందే," అన్నారు.

"మీరు అంతకంటే తక్కువ తిరిగారా? వాగు అవతలి వాళ్లు మిమ్మల్ని మీటరు చూసి వద్దన్నారా?"

ఆయన కర్ర ఊతగా వ్యాపారి వైపు నడిచారు. బేరం కుదిరింది. మా పద్ధతి ప్రకారం ఇద్దరం బానెట్ మీద చేతులు పెట్టి ప్రార్థన చేశాం. మా ఆయన కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి దాని మీద పెట్టుకున్నారు. ప్రార్థన ముగియగానే మేం "ఆమేన్" అన్నాం. వెనక నుంచి "ఆమీన్" అని వినిపించింది. తిరిగి చూస్తే ఆయన జేబురుమాలు తలకు కప్పుకొని నిలబడి ఉన్నాడు.

ఈస్టరు ఇంకా రెండు వారాలుందనగా వచ్చిన శుక్రవారం బయలుదేరాం. డొంక దారి బాగానే సాగింది. వాగు చప్టా దిగి గట్టు ఎక్కాక, చదునైన చోట మూడో గేరు వేయబోతే కారు కీచుమంది. వెనక పత్తి ట్రాక్టరు హారను కొడుతోంది.

"ఒరేయ్, తోలేది ఆడమనిషిరా! దూరంగా ఉండు!" అని ట్రాక్టరు మీద నుంచి ఎవరో అరిచారు.

నేను రెండో గేరులోకి వచ్చి, కాస్త పోనిచ్చి, క్లచ్చి తొక్కి వదిలి మళ్లీ తొక్కాను. గేరు వెన్నలో వేలు దిగినట్టు దిగింది. ఆ వ్యాపారి ఆనాడు మంచి మాటలు మాత్రమే చెప్పి పంపి ఉంటే, నేను ఆ గట్టు మీదే ఏడుస్తూ కూర్చునేదాన్ని.

రేకుల షెడ్డు ముందు ఆపేసరికి అందరూ బయటికి వచ్చారు. వాళ్లలో అందరికంటే పెద్దావిడ కారు చుట్టూ తిరిగి, అద్దంలోంచి లోపలికి తొంగి చూసింది.

"నువ్వే తోలుకొచ్చావా అమ్మగారూ? అయ్యగారు బాగానే ఉన్నాడా లోపల?"

"ఉన్నానమ్మా. తలుపు తియ్యి, రావట్లా నాకు," అన్నారు ఆయన.

ఆ సాయంత్రం ఆయన కుర్చీలో కూర్చొనే వాక్యం చెప్పారు. చాపలు చాలక కొందరు గడ్డి మీద కూర్చున్నారు. తర్వాతి ఆదివారం పెద్దల్లో ఒకాయన నా దగ్గరికి వచ్చి, "అమ్మగారూ, వచ్చే శుక్రవారం నేనూ వస్తా, చోటుందా?" అని అడిగాడు. కూటం ఆపే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు వానలు దగ్గరపడుతున్నాయి. వాగు పొంగితే చప్టా మీద నీళ్లు పారతాయి. అప్పుడు ఏం చేయాలో నాకు ఇంకా తెలియదు. మా ఆయన కుడిచేతి వేళ్లు ఈమధ్య కొంచెం కొంచెం ముడుచుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. ఇది చదువుతున్న మీరు ఎక్కడ ఉన్నా, శుక్రవారం పొద్దు వాలే వేళ ఒక్క నిమిషం మాతో కలవండి. ఆ చేతి కోసం, ఆ దారి కోసం, వాగు అవతల చాపలు పరుచుకొని ఎదురుచూసే వాళ్ల కోసం, తల్లి జ్ఞాపకమున్న బండిని మాకు నమ్మి ఇచ్చిన ఆ అన్నయ్య ఇంటి కోసం మాతోపాటు ప్రార్థించండి.