మగ్గాల మోత విన్న చెవులకు సెంటర్ స్పీకర్

2022 వేసవి. తిరుపతిలోని నా దుకాణానికి నగరి నుంచి మునిరత్నం, ఆయన భార్య కస్తూరి వచ్చారు. వాళ్ళకు ఎనిమిది మరమగ్గాలు. కొత్త ఇల్లు కట్టుకుని, మొదటిసారిగా హోమ్ థియేటర్ కొనాలనుకున్నారు. ఏది కొనాలో మునిరత్నం ముందే ఖాయం చేసుకున్నాడు. షోరూంలో విన్న పెద్ద సబ్‌వూఫర్ సెట్. సబ్‌వూఫర్ అంటే లోతైన మోతలు మాత్రమే పలికే పెట్టె. బిగించేది మాత్రం నేనే కావాలన్నాడు.

“ఎద అదిరిపోయినాదన్నా. అట్టాంటిది గావాల.”

వాట్లు చూపించి పెట్టెలు అంటగట్టేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. నేను పాత రేడియోలు విప్పి, పాడుచేసి, మళ్ళీ బిగించి ఈ విద్య నేర్చుకున్నవాణ్ణి. షోరూంలో వేసి చూపించిన సినిమాలో పాత్రలు ఏం మాట్లాడుకున్నాయో చెప్పమన్నాను. మునిరత్నం నవ్వి ఊరుకున్నాడు. కస్తూరి ఊరుకోలేదు.

“మాటలు ఇనపడకే గదన్నా, ఈయన సినిమా సగంలో లేసి బయటికి పొయ్యేది. మేము నగతా ఉంటే, తననే సూసి నగతా ఉండామనుకుంటాడు.”

ఆయన తల దించుకున్నాడు. తల ఎత్తగానే నేను అరచేయి నోటికి అడ్డం పెట్టుకుని, టీ తాగుతావా, కాఫీ తాగుతావా అని అడిగాను. “ఆ, తాగుతా” అన్నాడు. అప్పటిదాకా నా పెదాలు చూసే జవాబులిస్తున్నాడన్నమాట. మగ్గాల షెడ్డులో అందరూ మాట్లాడుకునేది అలాగే. చెవి డాక్టరుకు చూపిస్తే, ముప్పై ఏళ్ళ మోతకు సన్నని శబ్దాలు పట్టే శక్తి తగ్గిందన్నాడట. అలాంటివాళ్ళకు గొంతు వినిపిస్తుంది, అక్షరాలు విడివిడిగా వినిపించవు. మోత వల్ల చెవులు పోగొట్టుకున్న మనిషికి ఇంకా పెద్ద మోత అమ్మబోయారు!

ఆయనకు కావలసింది సెంటర్ స్పీకర్. సినిమాలో మాటలన్నీ దాదాపు అందులోంచే వస్తాయి, టీవీ కిందనే పెడతారు. మంచిది ఒకటి ఎంచి, సబ్‌వూఫర్ చిన్నది చాలని ఒప్పించాను. నగరికి పోయి హాల్లో అంతా బిగించాను. ఒక్కొక్క స్పీకర్‌కు ఎంత శబ్దం పోవాలో చెప్పే పెట్టె ఏ.వి. రిసీవర్. అందులో సెంటర్‌ను పెంచి, ఒక హాస్య సన్నివేశం పెట్టాను.

మునిరత్నం చేయి తిప్పాడు. ఒక్క ముక్క అర్థం కాలేదట. ఇంకా పెంచాను. గోల పెరిగింది, అంతే. కింద నున్నని టైల్స్, నాలుగు బోడిగోడలు; ఒక్కొక్క మాటా నాలుగుసార్లు తిరిగొచ్చి దాన్నదే మింగేస్తోంది. స్పీకర్ ఎంపికలో పడి గదిని పట్టించుకోలేదు నేను. అంతసేపూ షోరూంవాళ్ళను తిట్టినవాణ్ణి, రిమోట్ తీసుకుని శబ్దం ఆపేశాను.

ఆయన లేచి చెప్పులు వెతుక్కుంటున్నాడు. అప్పుడు కస్తూరి అంది:

“ముఖ్యమైన మాట ఏదన్నా సెప్పాలంటే, నేను ఈయన్ని గుడ్డల గదిలోకి పిలుస్తానన్నా. ఈడ సెప్తే గోడలకి సెప్పినట్టే.”

గుడ్డల గదంటే నేసిన లుంగీల కట్టలు పేర్చే గది. మూడువైపులా నడుం ఎత్తుకు పైగా గుడ్డే. లోపలికి పోయి చప్పట్లు కొట్టాను. శబ్దం పుట్టినచోటే ఆగిపోయింది. శబ్దం తిరిగి రాకుండా వేలు పోసి గోడలకు మెత్తలు కొట్టించుకునేవాళ్ళను చూశాను; ఈ మనిషి ఇంట్లో అవి ఊరికే పడి ఉన్నాయి! టీవీతో సహా అన్నీ అందులోకి మార్చాం. స్పీకర్‌ను కూర్చున్నవాళ్ళ చెవి ఎత్తుకు తెచ్చి, శబ్దం మునుపటికంటే తగ్గించి, అదే సన్నివేశం పెట్టాను.

మునిరత్నం లుంగీల కట్ట మీద కూర్చుని ముందుకు వంగాడు. తెరమీద అల్లుడు మామతో ఏదో బొంకుతున్నాడు.

“అబద్దం సెప్తా ఉండాడు వాడు” అన్నాడు మునిరత్నం. “ఇప్పుడే వాళ్ళమ్మకి ఇంకోమాట సెప్పినాడు గదా?”

ఆ తర్వాత ఆయన నోరు ఆగలేదు. మామ తెలివితక్కువతనం మొదలుకుని అల్లుడి చొక్కా దాకా అన్నిటికీ తీర్పు చెప్పాడు.

“నువ్వు గమ్మునుండబ్బా, మాకు ఇనపడనీ” అని కస్తూరి కసిరింది. కసురుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు ఎవరింటికి పోయినా గది కొలిచే టేపు సంచిలోనే ఉంచి, ముందు ఇంటివాళ్ళను ఒకటే అడుగుతాను: మీ ఇంట్లో ఎక్కడ పిలిస్తే అందరూ పలుకుతారు? ఈ ముసలాయనకు చాదస్తం అనుకుంటారు కొందరు. అనుకోనీ. టీవీ పెట్టవలసిన చోటు మాత్రం వాళ్ళే చూపిస్తారు.