ఆఖరి వరస

పత్రికలోంచి ఒక పేజీ చింపి నెలల తరబడి పర్సులో పెట్టుకుని తిరిగినవాణ్ణి నేను. అదేదో ప్రేమలేఖ అయ్యుంటే చెప్పుకోవడానికి కాస్త బాగుండేది. అందులో ఉన్నది ఒక చిన్న పట్టీ. రాబోయే కంప్యూటర్ ఆటకి ఎంత ర్యామ్ ఉండాలి, ప్రాసెసర్ ఏ రకం ఉండాలి, గ్రాఫిక్స్ కార్డు ఎంతటిది ఉండాలి అని. మా ఇంట్లోని కంప్యూటర్‌లో ఆ మూడింట్లో ఒక్కటీ లేదు. అయినా రోజుకి రెండుసార్లు ఆ కాగితం విప్పి చూసుకునేవాణ్ణి.

అప్పటికి కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వంవాళ్లు ఇంకా కొట్టెయ్యలేదు. నాకు పంతొమ్మిదేళ్లు, ఏలూర్లో డిగ్రీ చదువుతున్నాను. మా ఇల్లూ అక్కడే. ఇంట్లో నాన్నగారు, అక్క, నేను, ముగ్గురమే. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఏలూరు సమాధుల తోటలో పేరు చెక్కిన రాయి కింద ఉంది. అందుకని పేరు లేని సమాధి అంటే ఏమిటో నాకు తెలీదు. తెలుసుకోవాలని అనిపించనూ లేదు.

కంప్యూటర్ అక్కది. ఇంట్లోనే కూర్చుని పెళ్లికార్డులు, చర్చి కరపత్రాలు టైపు చేసేది. సాయంత్రాలు దాన్ని నాకు వదిలేసేది. ఆ ఏడాది మాత్రం ఉదయాలు నాన్నగారివి.

నాన్నగారు కొల్లేటికోట అవతల ఒక లంక ఊళ్లో మిషన్ బడి మేష్టారు. ముప్ఫై ఏళ్లు అక్కడే చేసి రిటైరయ్యారు. పాస్టరుగారు పడవెక్కి నెలకోసారి వచ్చేవారు. ఆయన వచ్చేదాకా ఆగి ఎవరూ చచ్చిపోరు కదా, అందుకని ప్రార్థన చేసి మట్టి వేసే పని మేష్టారి మీదే పడేది. ఆ ఊళ్లో మెరక అంటే ఒక్క దిబ్బే. పోయినవాళ్లందర్నీ అక్కడే పెట్టేవారు. పైన చెక్క సిలువ పాతేవారు. రెండు వరదలు చూసేసరికి అది కుళ్లి కొట్టుకుపోయేది. సంఘం రిజిస్టరు కూడా ఒక వరదలో తడిసి ముద్దయిపోయింది. ఇక ఎవరు ఎక్కడున్నారన్నది మా నాన్నగారి బుర్రలోనే మిగిలింది.

సంఘంవాళ్లు సిమెంటు పలకలు పోయించి, పేర్లు వేయించి, దిబ్బ మీద ఎవరి చోట వాళ్లకి పెట్టిద్దామనుకున్నారు. నాన్నగారిని తీసుకెళ్దామంటే గుండె జబ్బు, పడవ ఎక్కలేరు. అందుకని పొద్దున్నే కాఫీ తాగి, అక్క పక్కన కుర్చీ వేసుకుని, కళ్లు మూసుకుని చెప్పేవారు. నీళ్ల ఒడ్డు నుంచి మొదలు. మొదటి వరసలో తూర్పు చివర ఎవరు, ఆ పక్కన ఎవరు, రెండడుగులు వదిలి ఎవరు. మధ్యలో ఫలానా మనిషి ఎక్కడని అడిగితే చెప్పలేకపోయేవారు. ఒక్కొక్కరినే దాటుకుంటూ వెళ్తేనే ఆయనకి తర్వాతి మనిషి గుర్తొచ్చేది. నాలుగైదు పేర్లయ్యేసరికి ఆయాసం వచ్చేది, ఆ రోజుకి ఆపేసేవారు.

మొత్తం ఆరు వరసలు. ఆఖరిది చిన్నపిల్లలది, పదకొండు మంది.

ఆ వరస కోసం ఒకావిడ ఆదివారం ఆదివారం మా ఇంటికి వచ్చేది. ఆ లంక మనిషే, చెరువుల మీద కూలికి పోయేది. పడవ దిగి, బస్సెక్కి వచ్చేది. ఆవిడ రెండేళ్ల పాప జ్వరంతో పోయిన రోజున ఆవిడ రెండో కాన్పుకి ఏలూరు ఆసుపత్రిలో ఉంది. పాపని పెట్టింది నాన్నగారే. తర్వాత చోటు చూపించారు గాని, ఆవిడ గుర్తు పెట్టుకున్న తుమ్మమొక్క కూడా ఒక వరదలో పోయింది.

"మేష్టారండీ, మా పాప వరస ఎప్పుడొచ్చుద్దండీ?"

"వస్తుందమ్మా. ఇంకా నాలుగో వరసలోనే ఉన్నాను. దాటేసి వెళ్తే తప్పిపోతాను."

"తొందరేం లేదులెండి," అనేది ఆవిడ, గుమ్మంలో కూర్చుని.

తొందరంతా నాది. ఆట దసరా వెళ్లాక వస్తుందన్నారు. వద్దులే, పాత ఆటలే ఆడుకుందాం అని ఒకరోజు. ఇదొక్కటీ ఆడకపోతే ఇంకెందుకీ బతుకు అని మర్నాడు. స్కాలర్‌షిప్ డబ్బులు దాచుకున్నాను కాబట్టి ఖర్చు గురించి కాదు నా బాధ. పొద్దున్నే నాన్నగారు కూర్చునే మిషన్ని ఇంట్లోంచి బయటికి ఎలా తీసుకెళ్లడం? చివరికి ఆయన పనినే అడ్డం పెట్టుకున్నాను.

"అక్కా, ఇది ఊరికే హ్యాంగైపోతోంది. ఒకరోజు మొత్తం పోయిందంటే నాన్నగారు చెప్పిందంతా పోతుంది. బోర్డు మార్పిస్తే ఇక భయం ఉండదు. నా డబ్బులతోనేలే."

హ్యాంగవుతున్న మాట నిజమే. నేను ఎక్కించిన ఆటల వల్లే అవుతోంది.

"ఎన్నాళ్లు పడుతుందిరా?" అంది అక్క.

"నాలుగు రోజులు."

"అయితే ఈలోపు నోటుపుస్తకంలో రాసుకుంటాను."

నాన్నగారు వద్దన్నారు. "కాగితం మీద వద్దమ్మా. కొల్లేట్లో కాగితం ఎన్నాళ్లుంటుందో చూశాను. తమ్ముణ్ణి బాగుచేయించి తేనీ. అందులో పెడితే నీళ్లు ముట్టవు."

ఆయనకి కంప్యూటరంటే మునగని మెరక. అది నోటుపుస్తకం కంటే తేలిగ్గా పోయే వస్తువని ఇంట్లో నాకొక్కడికే తెలుసు. "అవునక్కా, రెండుసార్లు పని ఎందుకు?" అన్నాను. ఇంత జ్ఞానం ఉన్నవాణ్ణి ఆ ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఐదో వరస ఆఖరి మనిషి పేరు టైపైన మర్నాడు, డబ్బాని దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తాడేపల్లిగూడెం తీసుకెళ్లాను. ఉంగుటూరు దగ్గర బస్సు గోతిలో పడి ఎగిరితే పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకున్నాను. గూడెంలో తెలిసిన షాపు ఉంది. నాలుగో రోజు వెళ్తే షాపాయన అంతా విప్పి చూపించాడు.

"ఏవండీ, బోర్డూ ర్యామూ ప్రాసెసరూ వేసేశాను. కార్డు ఒక్కటీ బెజవాడ నుంచి రాలేదు. మీ అక్కగారి టైపింగుకి ఇది చాలండి, పట్టుకెళ్లిపోండి. కార్డు వచ్చాక ఓ పూట తెచ్చారంటే బిగించేస్తాను."

నా జీవితంలో నాకు ఎవరైనా సూటిగా ఒక దారి చూపించి ఉంటే అది ఇదే. అక్కడ నిలబడి బాగానే ఆలోచించాను. ఇప్పుడు ఇంటికి తీసుకెళ్తే మళ్లీ తేవడానికి ఇంకో అబద్ధం కావాలి. బాగైందన్న మిషన్ని మళ్లీ ఎందుకు తీసుకెళ్తున్నావంటే ఏం చెప్పను? నాన్నగారి ఆయాసం ఆ లెక్కలోకి రాలేదు. ఆవిడ కూడా రాలేదు.

"కార్డు వచ్చేదాకా ఇక్కడే ఉంచండి," అన్నాను.

ఇంటికొచ్చి ఇంకా బోర్డే రాలేదని చెప్పాను.

నాన్నగారు మాత్రం రోజూ కాఫీ తాగి అదే కుర్చీలో, ఖాళీ బల్ల ముందు కూర్చునేవారు. కళ్లు మూసుకునేవారు, పెదవులు కదిలేవి. మర్చిపోకుండా ఆ వరసని పైకీ కిందకీ తిరుగుతున్నారని అక్క అంది. ఒకరోజు నన్ను పిలిచి, "వచ్చిందేమిట్రా?" అని అడిగారు. రేపు వస్తుందండీ అన్నాను. ఆయన తలూపి, "రానీలే, పిల్లలెక్కడికీ పోరు," అన్నారు.

ఆ తర్వాత ఐదో రోజున కార్డు వచ్చింది. పొద్దున్నే గూడెం వెళ్లిపోయాను. షాపాయన దగ్గర ఆ ఆట డెమో సీడీ ఉంది. కార్డు పనిచేస్తోందో లేదో చూద్దామని వేశాడు. తెర మీద ఒక కాలవ, దాని మీద ఎండ. నీళ్లు నిజంగా కదులుతున్నట్టే ఉన్నాయి. ఇంకొంచెం చూస్తానండీ, ఇంకొంచెం అంటూ కూర్చున్నాను. అంతలో షాపుకి ఫోనొచ్చింది. "మీ అక్కగారండీ," అని ఇచ్చాడు. అందుకున్నప్పుడు కూడా నా కళ్లు తెర మీదే ఉన్నాయి.

అక్క వంటింట్లో ఉందిట. వచ్చి చూసేసరికి నాన్నగారు కుర్చీలో ఒరిగిపోయి ఉన్నారుట.

ఆయన్ని అమ్మ పక్కన పెట్టాం. రాయి మీద పేరు చెక్కించాం, ఊళ్లో చెక్కేవాళ్లున్నారు కాబట్టి.

దసరా వెళ్లాక ఆట వచ్చింది. ఆడలేదని రాస్తే వినడానికి బాగుంటుంది. ఆడాను. మొదట్నుంచి చివరిదాకా ఆడాను, రెండోసారి కూడా ఆడాను. చాలా బాగుంది. నా మీద నాకు అసహ్యం వేసిన మాట నిజమే గాని, దాని వల్ల ఒక్క రోజూ ఆట మానలేదు.

ఫిబ్రవరిలో పలకలు తయారయ్యాయి. మేష్టారి పిల్లలు రావాలని సంఘంవాళ్లు కబురు పెట్టారు. అక్క ప్రింటు తీసిన కాగితాలు పట్టుకుని ముందు నడిచింది. ఐదు వరసలూ నాన్నగారు చెప్పినట్టే అడుగులు కొలిచి పెట్టించింది. మధ్యాహ్నానికి అయిపోయింది. ఇళ్లవాళ్లు చెప్పిన పిల్లల పేర్లు వేసిన పదకొండు చిన్న పలకలు ఒక పక్కన పేర్చి ఉన్నాయి. వాటి ముందు మా ఇంటికొచ్చే ఆవిడ నిలబడి ఉంది.

"అబ్బాయిగారూ, మా పాప ఎక్కడండీ?"

తెలీదండీ అనాలి. నోటిదాకా వచ్చింది. తెలీదంటే, ఎందుకు తెలీదని అడుగుతుంది. ఎందుకన్నదానికి నా దగ్గర ఉన్న జవాబు పర్సులో మడిచిన కాగితం. నేను ఐదో వరస దాటి తూర్పు చివరిదాకా వెళ్లాను. నాన్నగారిలాగా కళ్లు మూసుకున్నాను. తర్వాత నాలుగడుగులు వేసి ఆగాను.

"ఇక్కడండీ."

"మేష్టారు చెప్పారాండీ?"

"చెప్పారండీ."

ఆవిడ అక్కడే కూలబడి, గడ్డి పీకి, కొంగుతో మట్టి చదును చేసింది. పాపని పేరు పెట్టి పిలిచింది. నేను పక్కకి జరగబోతే ఒక ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు. "బాబూ, మా వాడిది కూడా చెప్పండి." ఆయన వెనకాల ఇంకో ఇద్దరు, వాళ్ల వెనకాల ఇంకొందరు వచ్చి నిలబడ్డారు.

అందరికీ చూపించాను. ఇక్కడండీ, రెండడుగులు వదిలి ఇక్కడండీ, అంటూ పదకొండూ చూపించాను.

ఆ వరస అక్క కాగితాల్లో లేదు. నాన్నగారు ఆ వరస మొదలే పెట్టలేదని మా ఇద్దరికీ తెలుసు. అక్క ఒక్కసారి నా మొహంలోకి చూసింది. తర్వాత ప్రింటు కాగితం వెనక్కి తిప్పి, సంచిలోంచి పెన్ను తీసి, నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుంది.