చిన్నాయనకు దొరల రొట్టె

భాద్రపద బహుళ ఏకాదశి, మధ్యాహ్నం. గిద్దలూరు స్టేషను పక్కన దొరల ఫలహారశాల. ఉన్నవాళ్ళు: నాయన, నేను, బట్లరు. నాలుగో పేరు రాసి కొట్టేసి ఉంది. అది మా చిన్నాయన పేరు.

నా మొదటి డైరీలో మొదటి పేజీ ఇది. అప్పటికి నాకు పదేళ్ళు. పంతులమ్మగా పనిచేసినన్నాళ్ళూ, మానుకున్నాక కూడా, ఏ రోజూ రాయకుండా పడుకోలేదు. మొన్న మనవరాలు రొట్టెకు వెన్న రాసి కీరదోస తరుగుతుంటే, ఆ వాసనకు లేచి వెళ్ళి పాత పెట్టె తెరిచాను. ఆ ఫలహారశాల ఇప్పుడు లేదు. గోడలు కూడా లేవు.

చిన్నాయన నాయనకు తమ్ముడు. ఆ స్టేషనులో దీపాలు వెలిగించేవాడు. ఆదివారం కిరసనాయిలు వాసనతో ఇంటికి వచ్చి, సజ్జరొట్టెలో గోంగూర నంజుకుంటూ, ఫలహారశాల కిటికీలోంచి చూసినవన్నీ చెప్పేవాడు: తెల్లగుడ్డ పరిచిన బల్లలు, తలమీద ఊగే పంకా, నల్లమల చూడవచ్చిన దొరలు రెండు వేళ్ళతో పట్టుకుని తినే శాండ్‌విచ్.

“ఒక్కనాడన్నా ఆ కుర్చీలో కూచోని తింటా వదినా,” అనేవాడు మా అమ్మతో.

“ముందు కాళ్ళు కడుక్కో, దొరా,” అనేది అమ్మ.

ఆ వానాకాలం చలిజ్వరం వచ్చి ఐదు రోజుల్లో పోయాడు. పదోనాడు మిద్దె మీద ఆకు వేసి, కొర్రన్నం, కోడిపులుసు, అలసంద వడలు, ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టాం. కాకులు పిట్టగోడ మీద వరుసగా కూచుని చూశాయి గాని ఒక్కటీ దిగలేదు. పోయినవాళ్ళకు కోరిక మిగిలిపోతే కాకి ముట్టదని మా వైపు నమ్మకం. “వాడు తినందే నేను తినను,” అని మా అవ్వ, ఆయన కన్నతల్లి, గోడవైపు తిరిగి పడుకుంది. మరునాటికి ఆమెకు నీళ్ళు కూడా గుటక పడలేదు. శాండ్‌విచ్ మాట అమ్మ గుర్తుచేసింది. నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చునని నాయన నన్ను బండెక్కించుకున్నాడు.

లోపల మేము తప్ప ఎవరూ లేరు. పంకా తాడు గోడలో కన్నం గుండా అవతలికి పోయింది. లాగే మనిషి కనిపించలేదు. తలపాగా బట్లరు గ్లాసులు తుడుస్తూ నాలుగైదుసార్లు మా పక్కనుంచే పోయాడు. ఒకసారి అతని భుజం మీది గుడ్డ నా చెంపకు తగిలింది. అయినా చూడలేదు. నాయన దగ్గాడు. నేను “సార్” అన్నాను. గోడగడియారం ఒకటి కొట్టింది, రెండు కొట్టింది. ఆకలితో కూచుని ఎవరికీ కనపడకపోవడం ఎట్లా ఉంటుందో నాకప్పుడు తెలిసింది. మేము నిజంగా ఉన్నామా అని అనుమానం వచ్చి, చల్లటి గ్లాసు మీద వేలు పెట్టి, ముద్ర పడిందో లేదో చూసుకున్నాను.

చివరికి బట్లరు పళ్ళెం తెచ్చాడు. మాకు ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీని కాస్త వెనక్కి లాగి, దాని ముందు పెట్టాడు.

“ఇంతసేపు కూచోనుంటే మేము కండ్లకు ఆనలేదా?” అన్నాడు నాయన.

“ఆయన చెప్పినాక తెచ్చినా గదా.”

“ఏ ఆయన?”

బట్లరు కుర్చీ వంక చూసి, మా వంక చూశాడు. “మీతోనే వచ్చినాడే. బయట కొళాయి కాడ కాళ్ళు కడుక్కోని మరీ వచ్చినాడు.”

నాయన రొంటిలోంచి డబ్బు తీశాడు. అడిగిన ధర, అది ఎంత ఎక్కువైనా, బల్ల మీద పెట్టాడు. పళ్ళెంలో రెండు ముక్కలున్నాయి. బయటికి తీసుకపోకూడదని బట్లరు అన్నందుకు, ఒకటి నన్ను అక్కడే తినమని, అతను అటు తిరిగినప్పుడు రెండోది తుండుగుడ్డలో చుట్టాడు. మార్కాపురం పలకంత పల్చటి రొట్టె, చల్లటి వెన్న, కీరదోస బిళ్ళలు. ఉప్పు లేదు, కారం లేదు. మింగుతుంటే ఎదుటి కుర్చీ కిర్రుమంది. దారి పొడుగునా నాయన ఆ మూటను ఒళ్ళోనే పెట్టుకున్నాడు. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

మరునాడు పొద్దున అవ్వను మోసుకుని మిద్దె ఎక్కించారు. ఆకులో రొట్టె పెట్టాం. కాకులు వచ్చాయి, చూశాయి, దిగలేదు. ఎండ ఎక్కుతోంది. అవ్వ తల అమ్మ భుజం మీద వాలిపోతోంది. నాకు ఏడుపు ఆగక చెప్పేశాను.

“అది బాగలేదవ్వా. చప్పగా ఉంది.”

అవ్వ కళ్ళు తెరిచింది. “ఏదీ, ఇట్ల తే. బాగలేనిది నా బిడ్డకు పెడతామా?”

“వద్దమ్మా, ఎంగిలైతాది,” అన్నాడు నాయన.

“నా ఎంగిలి తిని పెరిగినోడే గదరా వాడు.”

ఒక కొస తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకో తుంట తుంచింది. రెండు రోజుల ఆకలి మీద ఆ చెయ్యి ఆగలేదు. ఆఖరు ముక్క కూడా మింగేసి, ఖాళీ ఆకు వైపు చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు ఒక కాకి దిగింది. ఏమీ లేని ఆ ఆకు మీద ముక్కు వంచి, ఒక్కొక్క మెతుకూ ఏరుకున్నట్టు, చాలాసేపు తింది. తిని, ముక్కు పిట్టగోడకు తుడుచుకుని ఎగిరిపోయింది.

“తిన్నాడు,” అంది అవ్వ. “కొంచెం గంజి తేండి.”