సారు ఆఖరి అధ్యాయం చదివిన శనివారం

మా సోషల్ సారు పోయారని మొన్న పొద్దున వనపర్తి నుంచి వాళ్ల తమ్ముడు ఫోన్ చేశాడు. "రాత్రి అన్నం తిని పండుకున్నడు మేడమ్, పొద్దుగాల లేపితే లేవలే" అన్నాడు. ఏడుపు కంటే ముందు నాకు కోపమే వచ్చింది. నాతో ఏ వాదనా సగంలో వదలని మనిషి, ఈసారి చెప్పాపెట్టకుండా వెళ్లిపోయారు.

ఇటిక్యాల హైస్కూల్లో ఆయన సోషల్ చెప్పేవారు, నేను తెలుగు. స్టాఫ్‌రూంలో మా బల్లలు పక్కపక్కనే. సుద్దముక్కలు జేబులో వేసుకునే అలవాటు ఆయనది, ఎన్నిసార్లు ఉతికినా ఆ జేబు తెల్లగానే ఉండేది. వరండా గచ్చు మీద ప్రపంచ పటం గీసేవారు. అందులో జపాన్ కంటే ఇటిక్యాల పెద్దది. "ఇదేం పటం సార్?" అంటే, "మన పిల్లగాండ్లు నిలబడేటందుకు జాగ ఉండాలె గద మేడమ్" అనేవారు.

పిల్లల కోసం ఆయన ఒక నవల రాశారు. రెండో ప్రపంచ యుద్ధంలో మన పాలమూరు నుంచి పటాలంలో చేరి, ఓడెక్కి మలయా పోయి, జపాన్‌వాళ్లకు చిక్కిన సిపాయి కథ. రాసింది రాసినట్టు శనివారం ఆఖరి పీరియడ్‌లో తొమ్మిదో తరగతిని వరండాలో కూర్చోబెట్టి చదివేవారు. ఆ కాలం ముచ్చట్లు ఇంట్లో పెద్దల్ని అడిగి రమ్మని పిల్లలకు పని పెట్టి, తెచ్చినవన్నీ కథలో కలిపేవారు. చిక్కు అక్కడే వచ్చింది.

ముంజేతి మీద తేలు పచ్చబొట్టు ఉన్న ఒక సిపాయి ముచ్చట ఎవరో పిల్ల తెచ్చింది. సారు ముచ్చటపడి ఆ తేలును తన సిపాయి చేతికి పెట్టేశారు. అసలు మనిషి ఎవరని అడగలేదు. అతను బడి గేటు దగ్గర రేగుపండ్లు అమ్మే అవ్వ పెనిమిటి. పెళ్లైన ఏడాదికే యుద్ధానికి పోయాడు. తిరిగి రాలేదు, చనిపోయాడన్న కబురూ రాలేదు. కబురు రాలేదు కాబట్టి అవ్వ గాజులు తీయలేదు, బొట్టు చెరపలేదు. ఎనభై దాటినా పెళ్లిళ్లలో ముత్తైదువల మధ్యనే నిలబడేది.

పచ్చబొట్టు మాట అవ్వ చెవిన పడింది. తర్వాతి శనివారం గంప గేటు దగ్గరే వదిలేసి, వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ పైవారమూ వచ్చింది. సారు పెద్ద పెద్ద పుస్తకాలు చూసి రాస్తున్నాడట, అవ్వ పెనిమిటి ఏమయ్యాడో ఆఖర్న చెబుతాడట అని ఊళ్లో ఒకటే గుసగుస. ఊరు ఊరంతా కథను కబురనుకుంది.

ఆఖరి అధ్యాయం రేపనగా, అవ్వ మరిది కోడలు స్టాఫ్‌రూంకే వచ్చింది.

"సారూ, నీ కథల ఆయనను జర సంపకు. సచ్చిండని నీ నోట వచ్చిందంటె మా పాలోళ్లు అవ్వ గాజులు పగులగొట్టిస్తరు. పెండ్లిల ముందట నిలబడ్తదని ఎప్పటిసంది వాళ్లకు కడుపుమంట."

ఆమె వెళ్లగానే నేను అందుకున్నాను. "బతికించండి సార్. పిల్లల కథే కదా, మీ సొమ్మేం పోతుంది?"

"కథల మనిషిని పుట్టియ్యొచ్చు మేడమ్, చరిత్రను పుట్టియ్యరాదు. గట్ల పోయినోళ్లు శానమంది రాలే. యుద్ధమంటే ఆట అని పిల్లలకు జెప్పమంటరా?"

"మరి అవ్వ గతి?"

సారు ఆఖరి అధ్యాయం కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. ముందున్న చాయ్ మీద మీగడ కట్టింది.

శనివారం గేటు దగ్గర పాలోళ్లు, అవ్వ దాయాదుల ఇళ్ల ఆడవాళ్లు, ఐదారుగురు నిలబడ్డారు. ఆ రోజు నేనూ వెళ్లి సారు పక్కన కూర్చున్నాను. సారు చదువుతున్నారు. ఖైదీల కాంపు, ఎడతెగని వాన, జ్వరం, సిపాయి చాప మీంచి లేవలేకపోతున్నాడు. అక్కడ ఆగిపోయారు.

"ఎందుకాపినవ్ సారూ?" అంది అవ్వ. "సచ్చిండనే గద?"

"అవ్వా, ఇది కథ. నీ పెనిమిటి సంగతి నాకు తెల్వదు."

"నాకు ఎర్కలేదా? బతికుంటె రాకపోవునా?" అవ్వ గేటు వైపు చూసింది. "గాజులంటవా, అవి నా చేతియి. ఎవ్వలొచ్చి పగులగొడ్తరో నేనూ చూస్త. నాకు ఒక్కటి జెప్పు. పాణం పోయేటప్పుడు నోట్లె నీళ్లు వోసినోళ్లు ఉన్నరా?"

సారు కాగితం వైపు చూశారు. పక్కనున్న నాకూ కనబడుతోంది. అందులో నీళ్ల మాట లేదు.

"పోసిన్రవ్వా" అన్నారు, చదువుతున్నట్టే. "గద్వాల దిక్కు పిలగాడే ఒకడు పక్కన ఉండె. తల ఒళ్లె పెట్టుకొని పోసిండు."

అచ్చయిన పుస్తకంలో కూడా ఆ వాక్యం అలాగే ఉంది. చరిత్ర పేరుతో నాతో ఏళ్లకేళ్లు పోట్లాడిన మనిషి రాసిన వాటన్నిటిలో నాకు ఇష్టమైనది అదే. ఆ మాట ఆయనకు చెప్పాను కూడా. "చెప్పకున్రి మేడమ్, ఇజ్జత్ పోతది" అని నవ్వారు.

ఆ రోజు సారు అక్కడ ఆగేసరికి, గొంతు తడారిందనుకుని ఒక పిల్ల పరుగున వెళ్లి కుండలోంచి గ్లాసుడు నీళ్లు తెచ్చింది. సారు రెండు చేతులతో ఆ గ్లాసు అవ్వకు ఇచ్చారు. అవ్వ తాగలేదు. వరండా అంచుకు నడిచి, వంగి, నెమ్మదిగా నేల మీద పోసింది. "తాగు" అంది. పోస్తుంటే చేతి గాజులు గలగలమన్నాయి. గేటు దగ్గరున్నవాళ్లలో ఒక్కరూ లోపలికి అడుగు వేయలేదు.

గంట కొట్టారు. పిల్లలు ఆ తడిని తొక్కకుండా పక్కనుంచి వెళ్లారు. సారు మాత్రం కాగితాలు చంకలో పెట్టుకుని, అది ఆరిపోయేదాకా అక్కడే నిలబడ్డారు.